చిన్న ట్రావెల్ ట్రైలర్‌లో చలికాలపు కొండ విడిది: కొలరాడో రాకీల కోసం సమగ్ర మార్గదర్శి

పదమూడు నుంచి పదిహేడు అడుగుల చిన్న ట్రావెల్ ట్రైలర్‌తో (కారు వెనక తగిలించి లాగే చక్రాల గది) కొలరాడో రాకీ పర్వతాల్లో నవంబరు నుంచి మార్చి దాకా హాయిగా విడిది చేయవచ్చు. అయితే వేసవిలో వాడిన పద్ధతిలోనే వాడితే నీటి గొట్టాలు పగలడం, పరుపులు చెమ్మగిల్లడం, అర్ధరాత్రి బ్యాటరీ చేతులెత్తేయడం దాదాపు ఖాయం. డెన్వర్ పరిసరాల్లో ట్రైలర్ కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో చాలామంది అక్టోబరు రాగానే దానికి కవరు తొడిగి వసంతం వరకూ మూలన పెట్టేస్తారు. కొండలు అన్నిటికన్నా ప్రశాంతంగా, ఆకాశం అన్నిటికన్నా నిర్మలంగా ఉండే నెలలు అలా చేజారిపోతాయని నా బాధ. స్కాంప్, కసీటా వంటి ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లను, వాటంత పరిమాణంలో ఉండే చెక్క చట్రపు ట్రైలర్లను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాశాను.

ముందుగా ఒక సంగతి మనసులో నాటుకోవాలి. చిన్న ట్రైలర్‌ను వెచ్చబెట్టడం కష్టం కాదు. లోపలి గాలి తక్కువ కాబట్టి ఫర్నేస్ (గ్యాసుతో మండి, ఫ్యాన్‌తో వేడిగాలి పంపే యంత్రం) పది నిమిషాల్లో గదిని వేడెక్కిస్తుంది. కష్టమంతా దాన్ని పొడిగా ఉంచడంలోనూ, ఆ ఫర్నేస్‌ను తెల్లవార్లూ నడపగలిగేంత కరెంటు బ్యాటరీలో మిగుల్చుకోవడంలోనూ ఉంది. కింది అడుగులన్నీ ఈ రెండు అవసరాల చుట్టూనే తిరుగుతాయి.

మొదటి అడుగు: చోటు, రోజులు ఎంచుకోవడం

మొదటి విడిదికి కరెంటు ఉన్న సైటునే (పార్కులో ట్రైలర్ నిలిపే చోటు) ఎంచుకోండి. కొలరాడో స్ప్రింగ్స్‌కు పడమరగా, పైక్స్ పీక్ శిఖరం వెనకవైపున, డివైడ్ ఊరికి దగ్గరలో ఉన్న ముల్లర్ స్టేట్ పార్క్ ఇందుకు చక్కటి చోటు. దాదాపు 9,500 అడుగుల ఎత్తులో ఉన్న ఈ పార్కులో చలికాలంలోనూ కొన్ని కరెంటు సైట్లు తెరిచి ఉంచుతారు. గోల్డెన్ పట్టణానికి పైన ఉన్న గోల్డెన్ గేట్ కాన్యన్ స్టేట్ పార్క్ డెన్వర్‌కు ఇంకా దగ్గర. ఏ పార్కులోనైనా చలికాలంలో సైట్ల దగ్గర కుళాయిలు పనిచేస్తాయని అనుకోకండి. బయలుదేరే ముందు పార్కుకు ఫోన్ చేసి ఏ వరుస తెరిచి ఉంది, దారిలో మంచు తీశారా, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి అనే మూడు ప్రశ్నలూ అడగాలి.

ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ చొప్పున చలి పెరుగుతుందని పుస్తకాల్లో చదువుకున్నాం. కొండల్లో రాత్రిపూట ఈ లెక్క తరచుగా తలకిందులవుతుంది. గాలి లేని నిర్మలమైన రాత్రి చల్లగాలి బరువెక్కి వాలు మీదుగా జారి లోయ అడుగున మడుగులా నిలబడిపోతుంది. గన్నిసన్, ఫ్రేజర్ వంటి లోయ పట్టణాలు చుట్టూ ఉన్న వాలులకన్నా చల్లగా ఉండి, చలికి పేరుపడటానికి కారణం ఇదే. అందువల్ల వాగు ఒడ్డున ఉన్న సమతలం చూడటానికి ఎంత అందంగా ఉన్నా వదిలేసి, దానికి వంద అడుగులు పైన ఉన్న సైటును తీసుకోవాలి. తూర్పు తెరిపిగా ఉన్న సైటయితే మరీ మంచిది. పొద్దున ఏడున్నరకు ఎండ తగిలే ట్రైలర్‌కూ, పది దాటాక గాని ఎండ రాని ట్రైలర్‌కూ ఒక పూట గ్యాసు తేడా ఉంటుంది.

లంబసింగిలో తెల్లవారుజామున వణికించే చలి మనలో చాలామందికి తెలుసు. అక్కడ సున్నా డిగ్రీలంటేనే వార్త. ముల్లర్ ఎత్తులో జనవరి రాత్రి సున్నాకు పది డిగ్రీల కిందికి దిగడం మామూలు విషయం. కాబట్టి మొదటిసారి నవంబరు మొదట్లోనో మార్చి చివరలోనో రెండు రాత్రులకు వెళ్లి, ట్రైలర్ స్వభావం తెలుసుకున్నాకే డిసెంబరు, జనవరి విడుదులు తలపెట్టాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేటట్లయితే ఇంకో జాగ్రత్త అవసరం. మూడు వేల మీటర్ల ఎత్తున గాలిలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 70 శాతమే. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి రావాలి. మిగతావారు కూడా డెన్వర్‌లో రెండు రోజులు గడిపి ఆ తరువాతే పైకి రావాలి. తలనొప్పి, వికారం ముదురుతూ ఉంటే మాత్రలతో సరిపెట్టకుండా వెంటనే కిందికి దిగడమే మందు.

రెండో అడుగు: నీళ్ల గొట్టాలను ఖాళీ చేయడం

నీరు గడ్డకట్టినప్పుడు ఘనపరిమాణం దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. గొట్టం సాగినా పంపు, కుళాయి, జాయింట్లు సాగవు. పగులు అక్కడే వస్తుంది, అది కూడా గోడ వెనక కనపడని చోట. చిన్న ట్రైలర్లు చాలావాటిలో ట్యాంకులు నేల కింద బయటికి వేలాడుతూ ఉంటాయి కాబట్టి లోపల ఎంత వెచ్చగా ఉన్నా వాటికి రక్షణ ఉండదు. నా దృఢమైన అభిప్రాయం ఏమిటంటే, చలికాలంలో చిన్న ట్రైలర్ నీటి వ్యవస్థను వాడే ప్రయత్నమే చేయకూడదు. గొట్టాలకు వేడి తీగలు చుట్టడం, ట్యాంకుల కింద వేడి పలకలు అతికించడం వంటి ఏర్పాట్లు ఉన్నాయి. అవన్నీ కరెంటు మీద ఆధారపడతాయి, ఒక్కటి పాడైనా నష్టం పెద్దది.

కాబట్టి బయలుదేరేముందే వింటరైజ్ చేసేయండి, అంటే నీళ్లు తీసేసి గొట్టాల్లో గడ్డకట్టని ద్రవం (యాంటీఫ్రీజ్) నింపండి. మంచినీటి ట్యాంకును, వాటర్ హీటర్‌ను పూర్తిగా ఖాళీ చేయాలి. వాటర్ హీటర్ వేడిగా ఉన్నప్పుడు, లోపల ఒత్తిడి ఉన్నప్పుడు దాని అడుగు బిరడా తీయకూడదు. చల్లారనిచ్చి, ఒక వేడినీటి కుళాయి తెరిచి ఒత్తిడి పోనిచ్చాకే తీయాలి. తరువాత హీటర్ వెనక ఉన్న, ద్రవాన్ని హీటర్‌లోకి పోకుండా దారి మళ్లించే బైపాస్ వాల్వులు తిప్పాలి. లేకపోతే ఆరు గ్యాలన్ల యాంటీఫ్రీజ్ హీటర్ కడుపులోకే పోతుంది. పంపు ద్వారా గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్‌ను లాగుతూ ఒక్కొక్క కుళాయినీ, వేడివైపు ఒకసారి, చల్లనివైపు ఒకసారి, గులాబీ రంగు కనపడేదాకా తెరవాలి. బయటి షవర్‌ను మరిచిపోకండి. సింకు కింద ఉన్న వంపు గొట్టంలో కూడా ఒక కప్పు పోయాలి. ఈ గులాబీ ద్రవం ప్రొపిలీన్ గ్లైకాల్‌తో తయారవుతుంది. కారు ఇంజన్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం. దాన్ని తాగునీటి గొట్టాల దగ్గరికి రానీయకూడదు.

తాగడానికీ వంటకూ కావలసిన నీళ్లను ఒకటి రెండు గ్యాలన్ల డబ్బాల్లో ట్రైలర్ లోపల, ఫర్నేస్ గాలి తగిలే చోట ఉంచుకోవాలి. పెద్ద డబ్బా ఒక్కటి కాకుండా చిన్నవి నాలుగైదు ఉంటే ఒకటి గడ్డకట్టినా పని ఆగదు. డబ్బాలను నిండా నింపకుండా కొంత ఖాళీ వదలాలి. గిన్నెలు కడిగిన నీళ్లను సింకులో వదలకుండా ఒక బకెట్లో పట్టి, పార్కువారు చూపిన చోట పారబోయాలి. మరుగుదొడ్డికి చిన్న పోర్టబుల్ టాయిలెట్ లోపలే ఉంచుకుని, దాని ఫ్లష్ ట్యాంకులో నీళ్లకు బదులు అదే గులాబీ యాంటీఫ్రీజ్ వాడవచ్చు.

మూడో అడుగు: గ్యాస్, బ్యాటరీ లెక్క

అమెరికాలో ట్రైలర్ సిలిండర్లలో నింపేది ప్రొపేన్. ఇది సున్నాకు 42 డిగ్రీల సెల్సియస్ కింద వరకూ ఆవిరవుతూనే ఉంటుంది కాబట్టి కొలరాడో చలిని తట్టుకుంటుంది. బ్యూటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది. మన ఇళ్లలో వాడే ఎల్పీజీలో బ్యూటేన్ కలిసి ఉంటుంది. హిమాలయ ప్రాంతాల్లో చలికాలంలో సిలిండర్ సరిగా మండకపోవడానికి కారణం అదే. క్యాంపింగ్ దుకాణాల్లో దొరికే సన్నటి పొడుగు డబ్బాల టేబుల్ స్టవ్వులు చాలావరకు బ్యూటేన్‌వి కనుక వాటిని ఇంట్లోనే వదిలేయండి.

ఇరవై పౌండ్ల సిలిండర్ నిండా ఉంటే అందులో సుమారు 4,30,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది. చిన్న ట్రైలర్లలో సాధారణంగా ఉండే గంటకు 16,000 బీటీయూల ఫర్నేస్ రాత్రిలో సగం సమయం మండుతుందనుకుంటే, పద్నాలుగు గంటల డిసెంబరు రాత్రికి 1,12,000 బీటీయూలు ఖర్చవుతాయి. కాగితం మీద దాదాపు నాలుగు రాత్రులకు సరిపోయినట్టు కనిపించినా, చలి ముదిరితే ఫర్నేస్ ఎక్కువసేపు తిరుగుతుంది, అడుగంటిన సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది, పొయ్యి కూడా అందులోంచే మండాలి. కాబట్టి మూడు రాత్రులకు ఒక సిలిండర్ అని లెక్కవేసి, రెండోది నిండుగా వెంట తీసుకెళ్లాలి. అయిపోయేది ఎప్పుడూ తెల్లవారుజామున మూడింటికే కాబట్టి, పడుకునే ముందు సిలిండర్‌ను ఎత్తి బరువు చూసి, తేలికగా అనిపిస్తే అప్పుడే మార్చేయండి.

బ్యాటరీ సంగతి ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే చాలామంది పట్టించుకోనిది ఇదే. గ్యాసు ఎంత ఉన్నా ఫర్నేస్ ఫ్యాన్ తిరగడానికి పన్నెండు వోల్టుల కరెంటు కావాలి. ఫర్నేస్ పనిచేసే తీరును ఒకసారి చెవిపెట్టి వినండి. థర్మోస్టాట్ టిక్కుమంటుంది, ఫ్యాన్ మొదలవుతుంది, పావు నిమిషం పాటు గాలి మాత్రమే వస్తుంది, ఆపైన టకటకమని నిప్పురవ్వ చప్పుడు, వెంటనే మంట అంటుకున్న గుప్పుమనే శబ్దం వినపడతాయి. ఆ పావు నిమిషంలో ఫ్యాన్ గాలి తోపుకు ఒక పలచటి రేకు కదిలి స్విచ్ మూసుకుంటేనే గ్యాసు వదలబడుతుంది. దీన్ని సెయిల్ స్విచ్ అంటారు. బ్యాటరీ నీరసించి ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే రేకు పూర్తిగా కదలదు, గ్యాసు రాదు, మంట రాదు. ఫ్యాన్ మాత్రం చల్లగాలి కొడుతూ మిగిలిన కరెంటును తినేస్తుంది. ఫర్నేస్ చెడిపోయిందని గాభరా పడేముందు వోల్టేజీ చూడండి. పదకొండు వోల్టుల దరిదాపుల్లో ఉంటే రోగం బ్యాటరీదే.

చిన్న ఫర్నేస్ ఫ్యాన్ మూడు నుంచి నాలుగు ఆంపియర్లు తీసుకుంటుంది. ఏడు గంటలు తిరిగితే పాతిక ఆంపియర్-గంటలు, దీపాలతో, గ్యాస్ అలారంతో కలిపి ముప్పై. మామూలు 75 ఆంపియర్-గంటల లెడ్-యాసిడ్ బ్యాటరీ సున్నా డిగ్రీల దగ్గర అయిదో వంతు శక్తి కోల్పోతుంది. సున్నాకు 18 డిగ్రీలు కిందికి దిగితే దాదాపు సగమే మిగులుతుంది. సగానికన్నా ఎక్కువ వాడితే ఆ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అంటే కరెంటు సైటు లేకుండా ఒక మామూలు బ్యాటరీతో ఒక్క రాత్రి గడుస్తుంది, రెండో రాత్రి గడవదు. పైగా పూర్తిగా దిగిపోయిన లెడ్-యాసిడ్ బ్యాటరీ గడ్డకట్టి పగిలిపోతుంది. నిండుగా ఛార్జయి ఉన్నది కొలరాడో చలికి గడ్డకట్టదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొనుక్కుంటే చాలా మేలు, ఒక నియమం పాటిస్తే: సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. కాబట్టి దాన్ని ట్రైలర్ ముక్కు మీద పెట్టెలో కాకుండా లోపల, సీటు కింద బిగించుకోవాలి. సౌరఫలకం విషయంలో, డిసెంబరు నెలాఖరున ఈ ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు కూడా దిఙ్మండలం నుంచి సుమారు 28 డిగ్రీలకు మించి పైకి రాడు. పైకప్పు మీద పడుకోబెట్టిన పలక కన్నా నేల మీద అరవై డిగ్రీల వాలుగా నిలబెట్టిన పలక ఒకటిన్నర రెట్ల పైనే కరెంటు ఇస్తుంది, దాని మీద మంచు కూడా నిలవదు.

కరెంటు సైటులో ఉన్నప్పుడు 1,500 వాట్ల చిన్న ఎలక్ట్రిక్ హీటర్ గొప్ప ఆసరా. గంటకు సుమారు 5,100 బీటీయూల వేడి నిరంతరంగా వస్తుంది, తేమ ఉండదు, చప్పుడు తక్కువ. దీన్ని నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి, సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగకు కాదు. ఫర్నేస్‌ను దీనికన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువకు పెట్టుకుంటే చలి మరీ ఎక్కువైనప్పుడు మాత్రమే అందుకుంటుంది.

నాలుగో అడుగు: కిటికీలు, నేల, పడక

చిన్న ట్రైలర్లలో వేడి ఎక్కువగా పోయేది ఒంటి అద్దపు కిటికీల గుండా, పైకప్పు గాలి ద్వారం గుండా. హార్డ్‌వేర్ దుకాణాల్లో చుట్టలుగా అమ్మే వెండిరంగు బుడగల రేకును కిటికీ కొలతకు అర అంగుళం పెద్దగా కత్తిరించి, చట్రంలోకి బిగుతుగా నొక్కితే చాలు, జిగురు అక్కర్లేదు. రాత్రి అన్నిటికీ పెట్టి, పగలు ఎండ తగిలే వైపువి తీసేయాలి. పైకప్పు ద్వారానికి పద్నాలుగు అంగుళాల చదరపు నురుగు దిండు దొరుకుతుంది. అయితే దాన్ని పూర్తిగా మూయకూడదు, ఎందుకో తరువాతి అడుగులో చెబుతాను.

నేల మీద మందపాటి చాప, దాని మీద ఉన్ని తివాచీ పరవండి. పరుపు కింద చల్లటి ప్లైవుడ్‌కు నేరుగా ఆనితే అడుగున తడి చేరి రెండు మూడు రాత్రుల్లో బూజు పడుతుంది. చెక్క పట్టీల చట్రాన్నో, గాలి ఆడే ప్లాస్టిక్ జల్లెడ చాపనో మధ్యలో పెట్టి, రోజూ పొద్దున పరుపును ఎత్తి నిలబెట్టాలి. పడకకు పెద్ద ఈకల రజాయి, దాని కింద ఒక ఉన్ని దుప్పటి చాలు. ఫర్నేస్ ఆగిపోయినా తెల్లారేదాకా నిద్ర పట్టేంత కప్పుకోవడానికి ఉండాలన్నది కొలత. నూలు బట్టలు చెమటను పట్టి ఉంచుతాయి కాబట్టి ఒంటికి ఆనే బట్టలు, మేజోళ్లు ఉన్నివి వేసుకోండి.

అయిదో అడుగు: తేమను బయటికి పంపడం

అసలైన పోరాటం ఇక్కడే. నిద్రపోతున్న మనిషి ఊపిరిలోంచి, చర్మంలోంచి రాత్రికి రమారమి పావు లీటరు నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. నలుగురు పడుకుంటే తెల్లారేసరికి లీటరు. దానికి తోడు అన్నం వండిన ఆవిరి, తడి బూట్లు, మంచు అంటిన కోట్లు. ఈ ఆవిరి ట్రైలర్‌లోని అతిచల్లని చోటును వెతుక్కుంటూ వెళ్లి నీరవుతుంది, ఇంకా చల్లగా ఉంటే మంచవుతుంది. పొద్దున లేచి టార్చి వెలుగులో అలమరల మూలల్లోకి చూడండి. లోపలి గోడను పట్టి ఉంచే రివెట్ల తలల మీద, కిటికీ చట్రపు స్క్రూల మీద ఆవగింజంత తెల్లటి మంచు చుక్కలు వరుసగా కనిపిస్తాయి. లోహం బయటి చలిని నేరుగా లోపలికి మోసుకొస్తుంది కాబట్టి తేమ ముందుగా చేరేది అక్కడికే. ఫర్నేస్ వేడికి అవి కరిగి చెక్కలోకి, పరుపులోకి ఇంకుతాయి. ప్లైవుడ్ కుళ్లడం మొదలయ్యేది ఇలాగే.

మందు వినడానికి విడ్డూరంగా ఉంటుంది: కాస్త చలిని లోపలికి రానివ్వాలి. బయటి గాలి ఎంత చల్లగా ఉంటే అందులో నీటి ఆవిరి అంత తక్కువ. ఆ గాలి లోపలికి వచ్చి వేడెక్కగానే చాలా పొడిగా మారి తేమను పీల్చుకుంటుంది. పైకప్పు ద్వారాన్ని ఒక అంగుళం, దానికి దూరంగా ఉన్న కిటికీని అర అంగుళం రాత్రంతా తెరిచే ఉంచండి. గ్యాసు కొద్దిగా ఎక్కువ ఖర్చవుతుంది, దానికి వెనకాడకూడదు. చవకైన తేమ కొలిచే మీటరు ఒకటి తలదిండు ఎత్తులో వేలాడదీసి, అంకె 50 శాతం దాటితే పైకప్పు ఫ్యాన్ నెమ్మదిగా తిప్పాలి. పొద్దున మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో కిటికీలు, మూలలు తుడిచి, ఆ గుడ్డను బయట పిండాలి. లోపల ఆరేస్తే తుడిచిన నీరంతా తిరిగి గాలిలోకే వస్తుంది.

పొగగొట్టం లేని గ్యాస్ హీటర్లను నేను సిఫారసు చేయను. ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఫర్నేస్ దాన్ని గొట్టం ద్వారా బయటికి పంపిస్తుంది, ఈ హీటర్లు మొత్తం లోపలే వదులుతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. ఎత్తు ప్రదేశాల్లో గాలి పలచన కాబట్టి మంట సరిగా మండక ఈ వాయువు ఎక్కువ పుట్టే అవకాశం ఉంది. దీనికి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంట పొయ్యిని చలికాచుకోవడానికి వెలిగించకండి, బొగ్గుల కుంపటిని ఏ కారణంతోనూ లోపలికి తేకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారానికి గడువు తేదీ ఉంటుంది. దాన్ని తిప్పి వెనక చూసి, గడువు దాటితే కొత్తది కొనండి. ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి గ్యాస్ లీకు అలారం నేలకు దగ్గరగా ఉంటుంది. దాని ముందు బూట్లు, సంచులు పేర్చకూడదు.

ఆరో అడుగు: దారి

ఐ-70 రహదారిపై మోరిసన్ నుంచి డాట్సెరో వరకూ సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా ట్రాక్షన్ నియమం వర్తిస్తుంది. తగిన మంచు టైర్లు గాని, ఆల్ వీల్ డ్రైవ్ గాని లేని వాహనం గొలుసులను వెంట ఉంచుకోవాలి. టైరు గాడుల లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు ఉండాలి. ఈ దారిలోని ఐసన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తులో ఉంది. డెన్వర్‌లో ఎండ కాస్తున్న రోజున కూడా అక్కడ మంచు తుఫాను ఉండవచ్చు. ఎస్టెస్ పార్క్ వైపు వెళ్లేవారు ట్రైల్ రిడ్జ్ రోడ్డు అక్టోబరు నడిమి నుంచి మే చివరి దాకా మూసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. జాతీయ వాతావరణ సేవ వారి సైటులో ఊరి పేరుతో కాకుండా పటం మీద మీ క్యాంపుగ్రౌండ్‌నే నొక్కి ఆ ఎత్తుకు తగిన సూచన చూడండి.

లాగేటప్పుడు ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (కారుకు ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడాలి. చలికి టైర్లలో గాలి తగ్గుతుంది, ప్రతి పది డిగ్రీల ఫారన్‌హీట్‌కు సుమారు ఒక పీఎస్ఐ. బయలుదేరే రోజు పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసి నింపుకోవాలి. రోడ్డు మీద ఐసు పొర ఉన్నప్పుడు ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ బలాన్ని తగ్గించాలి, లేకపోతే ట్రైలర్ చక్రాలు బిగుసుకుని అది పక్కకు జారి కారును మడతపెడుతుంది. దిగుడులో బ్రేకు తొక్కుతూ ఉండటం కన్నా ముందుగానే తక్కువ గేరులోకి మారడం మంచిది. గొలుసులు వేయడం ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి అభ్యాసం చేయండి. డీజిల్ బండి ఉన్నవారు కొండల మీది బంకులోనే ఇంధనం పోయించుకోవాలి, అక్కడ చలికి చిక్కబడని మిశ్రమం అమ్ముతారు. తుఫాను సూచన ఉంటే వెళ్లకండి. రద్దు చేసుకున్న సైటు రుసుము చిన్న నష్టం.

ఏడో అడుగు: సైటులో నిలపడం, వంట, రాత్రి

చీకటి పడేముందే చేరుకోవాలి. డిసెంబరులో అంటే నాలుగింటికల్లా. ముందు పారతో మంచును నేల దాకా తీసి, చక్రాల కింద చెక్క పలకలు వేసి వాటి మీదికి ఎక్కించండి. పగలు కరిగిన నీరు రాత్రి గడ్డకట్టి టైర్లను, జాకీ కాళ్లను నేలకు అతికించేస్తుంది. చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టాకే కారు విప్పాలి. కారు హ్యాండ్ బ్రేకు చలికి పట్టేసుకోవచ్చు కాబట్టి సమతలంలో గేరులో వదిలేస్తే చాలు.

వంటకు ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. ముల్లర్ ఎత్తులో నీరు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. మూత లేని గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, ఆవిరి మాత్రం గదినిండా చేరుతుంది. కుక్కర్‌లో కూడా ఇంటికన్నా రెండు మూడు విజిళ్లు ఎక్కువ రానివ్వాలి, అంతసేపూ పైకప్పు ఫ్యాన్ తిప్పాలి. తేలికైన దారి ఇంకొకటి ఉంది: పప్పు, కూర ఇంట్లోనే వండి గడ్డకట్టించి తెచ్చుకుని వేడిచేసుకోవడం, పులిహోర, గోంగూర పచ్చడి, కారప్పొడి వంటివి సిద్ధంగా ఉంచుకోవడం. పొద్దున రాగిజావ కడుపును వెచ్చగా ఉంచుతుంది. ఫ్రిజ్‌ను వెలిగించవలసిన అవసరమే లేదు. అయితే పాలు, కూరగాయలు బయట వదిలితే రాయి అవుతాయి కాబట్టి వాటిని ఐస్ లేని కూలర్‌లో పెట్టి లోపల నేల మీద ఉంచాలి.

పడుకునే ముందు చేయవలసినవి వరుసగా చెబుతాను. సిలిండర్, వోల్టేజీ చూడాలి. కిటికీలకు రేకులు పెట్టి, గాలి సందులు తెరిచి ఉన్నాయని నిర్ధారించుకోవాలి. కెటిల్‌లో నీళ్లు నింపి పొయ్యి మీదే ఉంచాలి. డబ్బాలు గడ్డకట్టినా పొద్దుటి కాఫీకి ఇబ్బంది ఉండదు. ఫ్లాస్కులో వేడినీళ్లు, పడకలో వేడినీటి సంచి, తలకు ఉన్ని టోపీ. థర్మోస్టాట్‌ను 13 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య పెడితే నిద్రకు చాలు, బ్యాటరీకి భారం తగ్గుతుంది. చిన్నపిల్లలను బయటి గోడకు ఆనకుండా మధ్యలో పడుకోబెట్టండి.

రాత్రి మంచు కురిస్తే లేచి చూడవలసిన మొదటి చోటు ఫర్నేస్ పొగ బయటికి పోయే రంధ్రం. దాని చుట్టూ మంచు పేరుకుని మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోవచ్చు, లేదా విషవాయువు లోపలికి తిరగవచ్చు. గాలి తోసుకొచ్చిన మంచు ఒక్క గంటలో దాన్ని కప్పగలదు కాబట్టి కురుస్తున్నంతసేపూ అలారం పెట్టుకుని లేచి తీస్తూ ఉండాలి. పైకప్పు మంచును మెత్తటి చీపురుతో లాగేయాలి. పార తగిలితే గాలి ద్వారపు ప్లాస్టిక్ మూత చలికి పెళుసెక్కి పగులుతుంది.

ఎనిమిదో అడుగు: తిరిగొచ్చాక

కొలరాడో రోడ్ల మీద ఐసు కరగడానికి మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం చల్లుతారు. అది చట్రానికి, ఇరుసుకు, బ్రేకు తీగలకు అంటుకుని తుప్పు పట్టిస్తుంది కాబట్టి ఉష్ణోగ్రత సున్నా దాటిన మొదటి మధ్యాహ్నమే కింది భాగాన్ని నీటితో బాగా కడగాలి. ట్రైలర్ ఏడు ముళ్ల ప్లగ్గును తుడిచి, విద్యుత్ కాంటాక్టులకు వాడే గ్రీజు రాయండి. పరుపులు, సీట్లు ఇంట్లోకి తెచ్చి రెండు రోజులు ఆరబెట్టి, అలమరల తలుపులు, నేల పెట్టెల మూతలు తెరిచి ఉంచి, కరెంటు హీటర్‌ను ఒక పూట నడపాలి. బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేసి తీగ విప్పేయండి. కిటికీ రేకుల వెనక ఏ కిటికీదో పేరు రాసి ఒకే సంచిలో చుట్టి పెట్టుకుంటే తరువాతి శుక్రవారం సాయంత్రం బయలుదేరడానికి గంట చాలు.